పేరు దించిన పాట

మా ఇంట్లో అరవై రెండు దేశాల తిరుగుబాట్లున్నాయి, గ్యాసు బండ పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు. బందరులో ఇల్లు కట్టుకున్నవాళ్ళు దేవుడికో గది వదులుతారు. మా ఆయన పూర్ణచంద్రరావు గారు ఆ గదిని పాటలకి వదిలారు. నేల నుంచి అటక దాకా క్యాసెట్లు, రికార్డులు, పాటల పుస్తకాలు. అన్నీ రాజకీయం పాటలే. ప్రేమ పాట ఒక్కటి లేదు, జోలపాట ఒక్కటి లేదు.

ఆయన పోస్టాఫీసులో ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా చేశారు. ఊరి ఉత్తరాలకి ముద్ర కొడుతూనే తన ఉత్తరాలు లోకం మీదికి వదిలేవారు. ఏ దేశంలో గొడవ జరిగిందని పేపర్లో చదివినా అక్కడి రేడియో స్టేషనుకో, కార్మిక సంఘానికో రాసేవారు, మీ జనం తిరగబడ్డప్పుడు ఏం పాడారో దయచేసి పంపగలరు అని. పంపేవాళ్ళు కూడా. చిలీ గని కార్మికులు, అంగోలా రైతులు, గ్రీసు విద్యార్థులు, అందరూ మా ఇంటి అడ్రసు వెతుక్కుంటూ వచ్చారు. ఆ భాషలు ఒక్కటీ ఆయనకి రావు. అర్థం కాని భాషలో ఎవరు ఎవర్ని తిట్టినా ఆయనకి వినసొంపే. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

నాకు నోరెక్కువని మా వీధిలో అందరూ అంటారు. నిజమే. కానీ ఉప్పుగాలికి ఆ టేపులు బూజు పడితే దూది తీసుకుని ఒక్కొక్కటీ తుడిచింది ఈ నోరెక్కువ మనిషే.

పోయిన ఏడాది జర్మనీలో ఒక సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ప్రపంచంలోని రాజకీయ గీతాలన్నీ ఒకచోట దాచేవాళ్ళట. మీ దగ్గరున్నదంతా తీసుకుని భద్రం చేస్తామన్నారు. ఆ పూట మా ఆయనకి సంతోషంతో అన్నం సయించలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, తన తర్వాత ఆ గది పాత సామాన్లవాడి పాలవుతుందని లోపల బెంగ. అయితే వాళ్ళు ఒక మాట అడిగారు. ఇన్ని దేశాల పాటలున్నాయి, మీ తీరం పాట ఒక్కటీ జాబితాలో లేదేం? కట్టినవాళ్ళ గొంతులో, కట్టిన మాటలతో ఒకటి పంపండి, మీ సేకరణ దాంతోనే మొదలుపెడతాం అని రాశారు.

"అలాంటిది ఒక్కటే ఉంది. ముత్యాలమ్మ పాట" అన్నారాయన, నా వైపు చూడకుండా.

"పంపితే పేరుతో పంపండి. లేదంటే ఈ గదికి నేనే అగ్గిపుల్ల గీస్తాను" అన్నాను.

ఎందుకలా అన్నానో చెప్పాలంటే తొంభయ్యో సంవత్సరానికి వెళ్ళాలి. అప్పుడు నాకు పాతికేళ్ళు. పార్టీ పాటల దళంలో ఆయన రాసేవారు, నేను పాడేదాన్ని. ఆ ఏడు గిలకలదిండి రేవు నుంచి వేటకి వెళ్ళిన ఒక పడవ తిరిగి రాలేదు. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశాక కూడా దాన్ని పొమ్మన్నవాడు పడవ యజమాని కాంతారావు. ఇవాళ పోనివాడికి రేపు నా పడవలో చోటుండదన్నాడట. వెళ్ళిన అయిదుగురిలో ముత్యాలమ్మ మొగుడొకడు.

ముత్యాలమ్మ వాళ్ళ వాడలో ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. పోయినవాడికి శోకం పెడతారు. సముద్రం తనంతట తాను తీసుకుంటే సముద్రాన్నే తిడతారు. మనిషి తప్పుంటే ఆ మనిషి పేరు శోకంలోకి ఎక్కిస్తారు. ఏడ్చే మనిషి, పంపిందెవరని అడుగుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు పేరు చెబుతారు. ఏటేటా ఆ తిథికి మళ్ళీ చెబుతారు. పేరు ఎక్కినవాడు వచ్చి ఆ ఇంటి ముందు నిలబడి, తప్పు నాదే అని అందరూ వినేలా అంటేనే దాన్ని దించుతారు. దించితే తప్పు తీరిపోయినట్టే, మళ్ళీ ఆ మనిషితో మాటా మంచీ కలుస్తాయి. ఈ సంగతంతా మాకు అప్పుడే చెప్పారు. మేం పాట రాసుకున్నాం, ఇది రాసుకోలేదు.

ఆమె పాట ఇలా ఉండేది.

మూడో నంబరెక్కింది మావో
మబ్బు దిగి నీళ్ళు తాగింది మావో
ఇంటికాడున్నోణ్ణి పొమ్మన్నదెవరు మావో

"కాంతారావు! ఐసు ఫ్యాక్టరీ కాంతారావు!" అని పాతికమంది ఆడవాళ్ళు వలల గుట్టల మీద కూచుని అన్నారు. మూడు రోజులు అక్కడే ఉండి నేర్చుకున్నాను. వచ్చేటప్పుడు ముత్యాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పేరు ఊరూరా చెప్పమ్మా, ఆడి పడవ ఇంకెవడూ ఎక్కకూడదు అంది. చెబుతానని మాటిచ్చాను.

గుడివాడ బస్టాండు వెనక ఇమామ్ సాహెబ్ గారి రికార్డింగ్ సెంటరు ఉండేది. అక్కడ పాడాను. పేరుతోనే పాడాను. పాట అయ్యాక ఇమామ్ సాహెబ్ గారు టేపు వెనక్కి తిప్పి మొదటి నుంచి మళ్ళీ విన్నారు. మధ్యాహ్నానికి పార్టీ పెద్దల నుంచి కబురొచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, కాంతారావు మనవైపు వచ్చాడు, లారీలిస్తున్నాడు, మైకు సెట్లిస్తున్నాడు, ఆ పేరు తీసెయ్యండి అని.

మా ఆయన అరగంటలో తీసేశారు. "వ్యక్తులు కాదు సుమతీ, వ్యవస్థ ముఖ్యం. కాంతారావు పేరుంటే ఇది గిలకలదిండి పాట. పేరు తీస్తే ప్రపంచం పాట" అని నన్ను కూచోబెట్టి చెప్పారు. కాంతారావు ఉన్నచోట 'పెట్టుబడి' వచ్చి కూచుంది. పెట్టుబడికి ఊరు లేదు, ఇంటిపేరు లేదు, ఐసు ఫ్యాక్టరీ లేదు. దాన్ని ఎంత తిట్టినా ఎవరికీ తగలదు. నేను కాసేపు పోట్లాడాను, కాసేపు ఏడ్చాను, తర్వాత పాడాను. రెండోసారి గొంతు ఇంకా బాగా పలికిందన్నారు.

ఆ క్యాసెట్టు జిల్లా అంతా మోగింది. ఉయ్యూరు ఫ్యాక్టరీ గేటు దగ్గర మోగింది, అవనిగడ్డ సంతలో మోగింది, ఆఖరికి కాంతారావు లారీల మీద కూడా మోగింది. నాకు రేడియోలో పాడమని పిలుపొచ్చింది, శాలువాలొచ్చాయి. అవి బీరువాలో ఉన్నాయి. ఈ ముప్ఫై నాలుగేళ్ళలో ఈ సంగతి ఎత్తి మా ఆయన్ని దెప్పని నెల లేదు. లోకంలో అన్యాయాలన్నీ కనిపిస్తాయి, తను చేసింది మాత్రం కనపడదు, గురివింద గింజ వాటం అనేదాన్ని. ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఏం చెబుతారు? పేరు తీసింది ఆయన. నాదేముంది, గొంతే కదా.

కాంతారావు పోయి నాలుగేళ్ళయింది. "ఇప్పుడైతే ఇబ్బంది ఉండదు" అన్నారు మా ఆయన. చచ్చినవాడి పేరెత్తడానికి మాత్రం మా ఇంట్లో ధైర్యానికి కొదవలేదు. సరే, ముందు గుడివాడ వెళ్ళాం. పేరుతో పాడిన ఆ మొదటి టేపు ఎక్కడన్నా మిగిలుందేమోనని నా ఆశ.

రికార్డింగ్ సెంటరు ఇప్పుడు జిరాక్స్ షాపు. ఇమామ్ సాహెబ్ గారు లేరు. కూతురు నఫీసా కౌంటర్లో కూచుని ఆధార్ కార్డులు లామినేషన్ చేస్తోంది. సంగతి చెబితే వెంటనే గుర్తుపట్టింది. తండ్రి ఆ పాట గురించి పోయేదాకా చెప్పేవారట.

"మా నాన్నగారు ఆ టేపు దాద్దామనుకున్నారండీ. మీవాళ్ళే ఎవరో మర్నాడొచ్చి, పక్కన నిలబడి చెరిపించారట. వినకుండా చెరపమన్నారని బాధపడేవారు" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద జిరాక్సు రేట్ల బోర్డు శ్రద్ధగా చదువుతున్నారు. ఈ సంగతి ముప్ఫై నాలుగేళ్ళు నాకు చెప్పలేదు. గుడ్లవల్లేరు దాటేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు నేను. ఆ తర్వాత బందరు వచ్చేదాకా ఆపలేదు. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి ఆయన మీద జాలిపడింది.

ఇక ముత్యాలమ్మే దిక్కు. గిలకలదిండిలో వలలు బాగుచేసే అతన్ని అడిగితే, ఆమె ఎప్పుడో రేవు వదిలేసి నాగాయలంక దిగువన కూతురి ఊళ్ళో ఉంటోందన్నాడు. మరుసటి వారం బయలుదేరాం. బస్సు చల్లపల్లి దాటేసరికి మోపిదేవి వెళ్ళే జనంతో కిక్కిరిసిపోయింది. పక్కనున్న పెద్దావిడ, మీరూ స్వామి దర్శనానికేనా అని అడిగింది. మాదీ మొక్కే అన్నాను. మా ఆయన ఒళ్ళో రికార్డరు సంచి పసిపిల్లలా పట్టుకుని కూచున్నారు. నా మనసు తేలిగ్గా ఉంది. చాలా ఏళ్ళకి ఒక మంచి పని చేయబోతున్నానని నమ్మకంగా ఉంది.

ముత్యాలమ్మ ఇంటి ముందు టార్పాలిన్ మీద ఎండు రొయ్యలు ఏరుతోంది. డెబ్భై దాటి ఉంటుంది. మనిషి సగమైంది కానీ వేళ్ళు చకచకా కదులుతున్నాయి. కూతురూ, పక్కిళ్ళ కోడళ్ళు ముగ్గురూ సాయం కూచున్నారు. నేను నా పేరు చెప్పలేదు. బందరు నుంచి వచ్చామండీ, పాత పాటలు దాస్తున్నాం అని మొదలుపెట్టాను. ఆమె తల ఎత్తి నా ముఖం చాలాసేపు చూసింది.

"గొంతు మారలేదు" అంది.

కూతుర్ని పిలిచి మాకు టీ పెట్టమంది. మేం వచ్చిన పని చెప్పాను. మీరు కట్టినట్టే, కాంతారావు పేరుతో సహా పాడండి, అది దేశాలు దాటి వెళ్తుంది, ఎన్నేళ్ళయినా ఉంటుంది అన్నాను. ఒక్క మాట కూడా తీస్తే నేనూరుకోనని మా ఆయన ముందే చెప్పాను. ముత్యాలమ్మ విని, ఒక్క మాట కూడానా అని అడిగింది. అవునన్నాను. సరేనని చేతులు చీరకి తుడుచుకుంది. మా ఆయన రికార్డరు ఆమె ముందు పెట్టారు.

ఎత్తుకుంది. గొంతు అరిగిపోయింది, పాట అరగలేదు. మూడో నంబరెక్కింది మావో. మబ్బు దిగి నీళ్ళు తాగింది మావో. పొమ్మన్నదెవరు అని ఆమె అడగ్గానే రొయ్యలు ఏరుతున్న కోడళ్ళు తలలు ఎత్తకుండానే, "కాంతారావు! ఐసు ఫ్యాక్టరీ కాంతారావు!" అన్నారు. నా కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళకి తీరింది అనుకున్నాను. మా ఆయన భుజం మీద చెయ్యి వేశాను కూడా. అంత క్షమించేశాను ఆయన్ని.

ముత్యాలమ్మ ఆపలేదు. నేను ఎన్నడూ వినని చరణం ఎత్తుకుంది.

మళ్ళీ నంబరెక్కింది తమ్ముడా
మైకు చెప్పింది నమ్మావు తమ్ముడా
తీరని పేరు దించిందెవరు తమ్ముడా

"సుమతి! బందరు సుమతి! మాటిచ్చిన సుమతి!"

కోడళ్ళు ముగ్గురూ ఒక్క గొంతుతో అన్నారు. అందులో చిన్నదానికి ఇరవై ఏళ్ళుండవు. నేనెవరో వాళ్ళకి తెలియదు. ఏటేటా చెప్పే మాట చెప్పేసి మళ్ళీ రొయ్యల్లో పడ్డారు.

ముత్యాలమ్మ రికార్డరు వైపు కాక నా వైపు తిరిగి మాట్లాడింది. కోపంగా కాదు, రొయ్యల ధర చెప్పినట్టు చెప్పింది.

"మా తమ్ముడు అంకమ్మరావు. మర్సటేడు ఆడి పడవే ఎక్కాడమ్మా. ఎక్కొద్దురా అని కాళ్ళు పట్టుకున్నాను. ఏం లేదక్కా, పాట ఇన్నాను, లారీ మీద మోగతంది, అందులో కాంతారావు పేరు లేదు, నువ్వే దించేసుంటావు, తప్పొప్పుకునుంటాడు అన్నాడు. నేను దించలేదురా అంటే నమ్మలేదు. మైకులో వచ్చింది గదా అన్నాడు. ఆ రోజు కూడా నంబరెక్కింది."

అక్కడితో ఆగింది. ఆగి, నన్నే చూస్తూ కూచుంది.

ఆమె దేనికోసం ఆగిందో నాకు తెలుసు. మూడు రోజులు ఆ వలల మీద కూచుని నేర్చుకున్నదాన్ని, తెలియకపోవడమేమిటి? నేను లేచి నిలబడాలి. సుమతిని నేనే, తప్పు నాదే అని ఆ కోడళ్ళు వినేలా అనాలి. అంతే. శాలువాలు వెనక్కివ్వమని ఎవరూ అడగలేదు. తిట్టుకోమని కూడా అడగలేదు. ఒక్క మాట అంటే ఆమె నా పేరు దించేసేది, టీ తాగి వచ్చేవాళ్ళం.

నేను ముందుకు వంగాను. కోడళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాను.

"పేరు తీసింది మా ఆయనండీ" అన్నాను.

ముత్యాలమ్మ మా ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"ఆ బాబు నాకు తెలవదు. నా చెయ్యి పట్టుకుంది నువ్వు" అంది.

మళ్ళీ రొయ్యలు ఏరడం మొదలుపెట్టింది. ఈవిడెవరు పిన్నీ అని చిన్న కోడలు అడిగింది. పాటలు ఏరుకునేవాళ్ళంటమ్మా, బందరు నుంచొచ్చారు అని చెప్పింది ముత్యాలమ్మ. టీ వచ్చింది. తాగాం. బాగుందని కూడా అన్నాను.

తిరుగు బస్సెక్కాం. మా ఆయన రెండుసార్లు నీళ్ళ సీసా అందించారు. ఆయన ముఖంలో గెలిచిన ఛాయలు వెతికాను. ఉంటే పోట్లాడుకోవచ్చు. లేవు.

ఆ తర్వాత రెండు రోజులు ఆ పాట కంప్యూటర్లోకి ఎక్కిస్తూ కూచున్నారు. ఆయన వెనక్కి తిప్పి వేసినప్పుడల్లా ఆ గదిలోంచి ముగ్గురు కోడళ్ళు నన్ను పిలిచేవాళ్ళు. వంటింట్లో కుక్కరు కూతల మధ్య కూడా వినిపించేది. మూడో రోజు పొద్దున ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"కాంతారావు పేరు ఉంది. నువ్వు కోరింది అదేగా" అన్నారు. కాసేపు తలుపు గడియ పట్టుకుని దాన్ని అటూ ఇటూ జరిపారు. "రెండో చరణంలో ఆ ఒక్కచోట తీసేస్తే పాటకేమీ కాదు సుమతీ."

నామీద ప్రేమతోనే అన్నారు. అదే నాకు ఇంకా భరించలేనిదైంది. తీయొద్దండీ, ఉంచండి అంటే సరిపోయేది. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన్ని దేని గురించి తిట్టానో ఆ ఒక్క మాటే అది, నాకు నోటికి వచ్చిన మాట. నేను పొయ్యి మీద పప్పు కలుపుతూ ఉండిపోయాను. ఆయన ఇంకాసేపు చూసి గదిలోకి వెళ్ళారు. మధ్యాహ్నం ఆ గదిలోంచి పాట మళ్ళీ వినిపించింది. తమ్ముడా అన్నాక ఏమీ వినిపించలేదు.

పాట వెళ్ళింది. జర్మనీ నుంచి పదిరోజులకి జవాబొచ్చింది. మేం ఇంతవరకు సేకరించిన వాటిలో ఇంత నిర్భయమైన పాట అరుదు, అపరాధిని ఇలా పేరుపెట్టి నిలదీయడం గొప్ప సంగతి అని రాశారు. మా సేకరణకి ఇదే మొదటి పాటట. చివర్లో ఒక చిన్న సందేహం అడిగారు. రెండో చరణంలో కూడా ఆమె ఏదో ప్రశ్న అడుగుతున్నట్టుంది, తర్వాత జవాబు లేదు, చిన్న ఖాళీ ఉంది. అక్కడ ఏదైనా మాట పోయిందా?

మా ఆయన చదివి వినిపించి, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగారు. ఏం రాయమంటావు అని అడిగారు.

"సముద్రం ఒడ్డు కదా. గాలి హోరు అని రాయండి" అన్నాను.